వడ్ల ట్రాలీ లేవనప్పుడు

పెబ్బేరు చుట్టుపక్కల యాసంగి కోతలు మొదలైతే 44వ నంబరు జాతీయ రహదారి పక్క బాటలన్నీ ట్రాక్టర్లతో నిండిపోతాయి. జూరాల ఎడమ కాలువ కింద పండిన వడ్లు హార్వెస్టర్ నుంచి ట్రాలీలోకి, ట్రాలీ నుంచి కొనుగోలు కేంద్రం కల్లంలోకి పడుతుంటాయి. గంపలకెత్తి దింపే పని చాలా చోట్ల తగ్గింది. డ్రైవరు సీటు మీద నుంచే లివర్ లాగుతాడు. ట్రాలీ డబ్బా ముందువైపు లేస్తుంది, వెనక డోరు తెరుచుకుంటుంది, టన్నుల కొద్దీ వడ్లు కుప్పగా జారతాయి. ఆ లివర్ లాగినా డబ్బా కదలని రోజున మాత్రం వెనక వరసలో ఉన్న ట్రాక్టర్లు హారన్ కొడతాయి. బండి కిరాయి, హమాలీల కూలి, పడమట పట్టిన మబ్బు అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి.

"లేస్తలేదన్నా" అని ఫోన్ చేస్తే అనుభవమున్న మెకానిక్ వెంటనే పానా పట్టుకుని బయల్దేరడు. ముందు మూడు మాటలు అడుగుతాడు. ఖాళీ ట్రాలీ లేస్తుందా? పొద్దున లేచిందా? కింద నూనె పడిందా? వీటికి సరిగ్గా జవాబు చెబితే సగం సమస్య ఫోన్లోనే తేలిపోతుంది. ఈ మూడు ప్రశ్నల వెనక ఉన్న భౌతికశాస్త్రం తెలిస్తే మిగిలిన సగంలో చాలా భాగం రైతే తేల్చుకోవచ్చు.

ఒత్తిడి పంపులో పుట్టదు

డబ్బాను పైకి తోసేది మనవాళ్లు జాకీ అని పిలిచే హైడ్రాలిక్ సిలిండర్. ఇంజన్‌తో తిరిగే పంపు నూనెను పైపులోంచి జాకీలోకి నెడుతుంది, జాకీ కడ్డీ బయటికి సాగుతుంది, డబ్బా లేస్తుంది. ట్రాలీ జాకీలు ఎక్కువగా ఒకవైపు మాత్రమే పనిచేసే రకం. ఎత్తడం నూనె పని, దించడం డబ్బా సొంత బరువు పని. లివర్ వెనక్కి వేస్తే వాల్వు తెరుచుకుంటుంది, డబ్బా బరువుకు నూనె తిరిగి ట్రాక్టర్‌లోకి పోతుంది.

మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పాడు. ఆయన గ్రంథం మరణానంతరం 1663లో అచ్చయింది. ట్రాలీకి ఆ సూత్రాన్ని అన్వయించి చూద్దాం. జాకీ లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు అనుకుంటే నూనె తోసే వైశాల్యం సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు. ఒక బార్ ఒత్తిడి అంటే చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో. 150 బార్ ఒత్తిడి ఉంటే జాకీ సుమారు 12 టన్నుల బలంతో తోస్తుంది. వేలెడు లావు రబ్బరు పైపులోంచి ఇంత బలం వస్తోందంటే అది వైశాల్యం మహిమ.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పంపు ఒత్తిడిని ఇస్తుందని అనుకుంటాం. నిజానికి పంపు ఇచ్చేది ప్రవాహం మాత్రమే, అంటే నిమిషానికి ఇన్ని లీటర్ల నూనె. ఆ నూనెకు అడ్డు తగిలినప్పుడే ఒత్తిడి పుడుతుంది. బోరు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితేనే నీళ్లు చిమ్మినట్టు, డబ్బా బరువు అడ్డుపడితేనే నూనెకు ఒత్తిడి వస్తుంది. ఖాళీ ట్రాలీకి కొద్ది ఒత్తిడి చాలు. నిండు ట్రాలీకి ఎక్కువ కావాలి. బరువు మోయడం ఒత్తిడి సంగతి, వేగంగా లేవడం ప్రవాహం సంగతి. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగితే ట్రాలీ జబ్బుల్లో చాలావాటికి దారి దొరుకుతుంది.

ఖాళీది లేస్తుంది, నిండుది లేవదు

ఇది ఒత్తిడి చాలని జబ్బు. ముందుగా అనుమానించాల్సింది పంపును కాదు, బరువు పేర్చిన తీరును.

డబ్బాకు బందు వెనక చివర ఉంటుంది. లేవడం మొదలైన క్షణంలోనే జాకీకి అన్నిటికన్నా ఎక్కువ కష్టం. అప్పుడు బరువు కేంద్రం బందుకు దూరంగా ఉంటుంది, జాకీ కూడా ఏటవాలుగా పడుకుని ఉంటుంది కాబట్టి దాని తోపులో కొంతే పైకి పనికొస్తుంది. లెక్క కోసం డబ్బా, వడ్లు కలిపి 6 టన్నులు అనుకుందాం. బరువు కేంద్రం బందుకు 1.5 మీటర్ల దూరంలో ఉంది. బందు నుంచి జాకీ తోపు గీతకు లంబదూరం 0.9 మీటర్లు. అప్పుడు కావలసిన బలం 10 టన్నులు. మన జాకీ 12 టన్నులు తోయగలదు గనుక డబ్బా లేస్తుంది. అదే వడ్లు ముందువైపు కుప్పపడి బరువు కేంద్రం ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు ముందుకు జరిగితే కావలసిన బలం సరిగ్గా 12 టన్నులకు చేరుతుంది. ఒక్క కిలో కూడా పెరగలేదు, అయినా ట్రాలీ మొరాయించే అంచుకు వచ్చింది. హార్వెస్టర్ గొట్టం కింద ట్రాలీని ఒకేచోట నిలబెట్టి నింపితే జరిగేది ఇదే. పారలతో వడ్లను కాస్త వెనక్కి లాగితే కదలని ట్రాలీ కదులుతుంది. ఒక జానెడు లేచిందంటే ఆపైన కష్టం తగ్గుతూ పోతుంది, ఎందుకంటే బరువు బందు వైపు జరుగుతుంది, జాకీ నిలువుకు వస్తుంది.

బరువు సరిగ్గానే ఉన్నా లేవకపోతే రిలీఫ్ వాల్వు చూడాలి. ఒత్తిడి హద్దు దాటితే పైపులు పగలకుండా నూనెను వెనక్కి వదిలే కాపలాదారు ఇది. లివర్ లాగినప్పుడు కీచుమనే శబ్దం వచ్చి డబ్బా కదలకపోతే నూనె ఆ వాల్వు గుండానే వెనక్కి పోతోందన్నమాట. అలా పట్టుకుని ఉంటే నష్టం. నిమిషానికి 25 లీటర్ల నూనె 150 బార్ దగ్గర వాల్వులోంచి పోతుంటే 6 కిలోవాట్లకు పైగా శక్తి ఉత్త వేడిగా మారుతుంది. ఇంకొందరు వాల్వు స్క్రూ బిగించి బలం పెంచుతారు. పెరిగేది ట్రాలీ బలం కాదు, పైపు పగిలే ప్రమాదం. స్ప్రింగు నీరసించినా, వాల్వు కింద చెత్త చిక్కినా గేజి పెట్టి కంపెనీ చెప్పిన ఒత్తిడికి సరిచేయాలి. చెవితో వినో అంచనా వేసో చేసే పని కాదది.

యాక్సిలరేటర్ పెంచితే లేస్తుందా అన్నది మరో పరీక్ష. ఇంజన్ వేగం పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, రిలీఫ్ వాల్వు హద్దు మాత్రం మారదు. అందుకని ఆరోగ్యంగా ఉన్న పంపు మెల్లగా తిరిగినా నిండు ట్రాలీని ఎత్తాలి, కాకపోతే ఆలస్యంగా. రేజ్ చేస్తేనే లేస్తోందంటే పంపు అరిగి, తోసిన నూనెలో చాలా భాగం లోపలే వెనక్కి కారిపోతోందని అర్థం. కారిపోయేదానికన్నా ఎక్కువ పోస్తే తప్ప ఒత్తిడి నిలవడం లేదు.

పొద్దున లేచింది, మధ్యాహ్నం లేవలేదు

మెకానిక్ రెండో ప్రశ్న ఇందుకే. నూనె వేడెక్కితే పలచబడుతుంది. 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్‌కు ఆ అంకె 40 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనాన్ని బట్టి వచ్చింది. 100 డిగ్రీలకు వచ్చేసరికి అదే అంకె తొమ్మిది దగ్గరికి పడిపోతుంది. కొత్త పంపులో సందులు అతి సన్నం గనుక పలచని నూనె కూడా పెద్దగా కారదు. అరిగిన పంపులో చల్లని నూనె తన చిక్కదనంతో ఆ లోటును కప్పిపుచ్చుతుంది. పాలమూరు ఏప్రిల్ ఎండలో నాలుగు ట్రిప్పులు తిరిగేసరికి ఆ ముసుగు తొలగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడికి మొరాయించే ట్రాలీకి పంపులోనో వాల్వులోనో అరుగుదల ఉందని గట్టిగా అనుమానించవచ్చు.

డబ్బా అన్ని వేళలా మెల్లగా లేస్తుంటే అది ప్రవాహం తగ్గిన గుర్తు. మన ఉదాహరణలోని జాకీ ఒక మీటరు సాగడానికి సుమారు 7.9 లీటర్ల నూనె కావాలి. పంపు నిమిషానికి 25 లీటర్లు ఇస్తే 19 సెకన్లు పడుతుంది. ఫిల్టరు మూసుకుపోయి సగమే వస్తే సమయం రెట్టింపవుతుంది.

బాగా లేస్తూ లేస్తూ మూడొంతుల దగ్గర ఆగిపోయే ట్రాలీ వేరే కథ. మన ట్రాక్టర్లలో చాలావాటికి గేర్‌బాక్సు నూనె, హైడ్రాలిక్ నూనె ఒక్కటే. ట్రాలీ జాకీ ఆ ఇంటి నుంచే ఏడెనిమిది లీటర్లు అప్పు తీసుకుంటుంది. కొలపుల్లతో చూసినప్పుడు నూనె కింది గీత దగ్గరుంటే డబ్బా పైకి పోయేకొద్దీ ట్యాంకులో మట్టం ఇంకా పడిపోతుంది. చివరికి పంపు నూనెకు బదులు గాలి పీలుస్తుంది. బండి ఎగుడుదిగుడు నేల మీద ఉంటే ఇంకా ముందే పీలుస్తుంది.

గాలి చేరితే ట్రాలీ ఎగిరెగిరి, ఆగి ఆగి లేస్తుంది. 150 బార్ ఒత్తిడికి నూనె వందలో ఒక వంతు మాత్రమే కుంచించుకుపోతుంది, గాలి అయితే దాదాపు మొత్తం నలిగిపోతుంది. పంపు నెట్టిన ప్రతిసారీ ముందు ఆ గాలి నలగాలి, తర్వాతే కడ్డీ కదలాలి. పంపు గరగరమని అరుస్తుంటే, కొలపుల్లకు నురగ అంటుకుంటే గాలి దూరే దారి వెతకాలి. పీల్చే వైపు పైపు బిగింపు వదులు కావడం, సీలు ఎండిపోవడం మామూలు కారణాలు. నురగ లేకుండా నూనె పాలలా తెల్లబడితే అది నీరు. కేజ్ వీల్స్‌తో మడిలో దున్నిన బండిలోకి నీరు చేరితే ఇలా కనబడుతుంది. పైన కొత్త నూనె కలిపితే లాభం లేదు, మొత్తం మార్చాల్సిందే.

లేచింది కానీ నిలవదు

డబ్బా ఎత్తి లివర్ మధ్యలో పెట్టినా మెల్లగా కిందికి దిగిపోతోంది. నూనె ఎటో పోతోంది, ఎటు? ఒకవైపు పనిచేసే జాకీకి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. దాని సీలు కారితే నూనె దాక్కోవడానికి ఇంకో గది లేదు. కడ్డీ వెంటో, గాలి రంధ్రం గుండానో బయటికి రావాల్సిందే. డబ్బా దిగుతూ జాకీ తడిగా ఉంటే తప్పు జాకీది. జాకీ, పైపులు పొడిగా ఉండి కూడా దిగుతుంటే నూనె ట్రాక్టర్‌లోకే తిరిగి పోతోంది, తప్పు కంట్రోల్ వాల్వుది. మెకానిక్ మూడో ప్రశ్న అసలు ఉద్దేశం ఇది. చాలాసార్లు దీన్ని చూడకుండానే జాకీ విప్పి సీల్ కిట్ మారుస్తారు. డబ్బు ఖర్చవుతుంది, ట్రాలీ మాత్రం మునుపటిలాగే దిగుతుంది.

సీలు సంగతి దగ్గరగా చూడదగింది. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు తీసుకున్నాడు. కానీ ఒత్తిడి పెంచితే కడ్డీ పక్కల నుంచి నీరు కారేది, బిగిస్తే కడ్డీ కదిలేది కాదు. ఆ చిక్కుముడి విప్పింది కప్పు ఆకారపు తోలు పట్టీ. అది ఆయన కార్ఖానాలో పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే ఆలోచన అని చెబుతారు. పట్టీ పెదవులు ఒత్తిడి వైపు తెరుచుకుని ఉంటాయి. లోపల ఒత్తిడి ఎంత పెరిగితే పెదవులు కడ్డీని అంత గట్టిగా పట్టుకుంటాయి, ఒత్తిడి పోగానే వదిలేస్తాయి. ఇవాళ ట్రాలీ జాకీలో ఉండే పాలియురెథేన్ సీలు చేసేదీ అదే పని. అందుకే దాన్ని తిరగేసి బిగిస్తే కొత్త సీలైనా మొదటి రోజే కారుతుంది. పెదవి ఎప్పుడూ నూనె వైపు చూడాలి.

సీలును తినేది వయసు కన్నా దుమ్ము. జాకీ కడ్డీ మీద చేయి ఆనించి చూస్తే క్రోమ్ పూత అద్దంలా నున్నగా తగలాలి. గోరు తట్టుకునే గీత ఉందంటే ప్రతి ట్రిప్పుకూ ఆ గీత అంచు సీలు పెదవిని ఒకసారి కోస్తోందన్నమాట. అప్పుడు సీలొక్కటే మారిస్తే అది వచ్చే సీజను దాకా ఆగదు. కడ్డీకి మళ్లీ క్రోమ్ వేయించాలి లేదా మార్చాలి.

లేచింది, దిగదు

ఇందులో తరచూ దోషి చేతికి దొరికే చిన్న భాగమే. ట్రాలీ పైపును ట్రాక్టర్‌కు కలిపే కప్లర్లో రెండు పక్కలా స్ప్రింగు మీద కూర్చున్న గోళీలు ఉంటాయి. పైపు విడదీయగానే అవి మూసుకుని నూనె కారకుండా ఆపుతాయి. పూర్తిగా కలిస్తేనే ఒకదాన్నొకటి తోసుకుని తెరుచుకుంటాయి. సగమే ఎక్కిన కప్లర్ గుండా కొన్నిసార్లు నూనె పోతుంది గానీ తిరిగి రాదు. పంపు తోపుకు ట్రాలీ వైపు గోళీ తెరుచుకుంటుంది, తిరుగు ప్రవాహం మాత్రం దాన్ని ఇంకా గట్టిగా మూసేస్తుంది.

ఎండలో విడిగా నిలబెట్టిన ట్రాలీకి పైపు కలపబోతే ఎంత నొక్కినా ఎక్కకపోవడం కూడా ఇందులో భాగమే. మూసి ఉన్న పైపులో నూనె ఎండకు వ్యాకోచించి ఒత్తిడి పెంచుకుంటుంది. ఖాళీ డబ్బా బరువుకు సరిపడా 20 బార్ చేరినా గోళీ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు 20 కిలోల ఎదురు తోపు ఉంటుంది, దాన్ని బొటనవేళ్లు ఓడించలేవు. పైపును తడిగుడ్డతో చల్లబరిచినా, నీడకు జరిపినా పని సులువవుతుంది. ఆపేసే ముందు డబ్బా పూర్తిగా దించి, ఇంజన్ ఆపి, లివర్‌ను దించే వైపు కాసేపు ఉంచి, తర్వాత పైపు తీస్తే ఒత్తిడి కొంతైనా తక్కువతో మొదలవుతుంది.

కప్లర్ బాగున్నా దిగకపోతే బందు పిన్నులు తుప్పు పట్టడమో, జాకీ కడ్డీ వంగడమో అయి ఉంటుంది. ఈ స్థితిలో పైపు నట్టు వదులు చేసి దించబోవడం ప్రాణాంతకం. నూనె ఒక్కసారిగా చిమ్ముతుంది, డబ్బా పడిపోతుంది.

ఒక్కటే మార్చి చూడాలి

జబ్బు ట్రాక్టర్‌దా ట్రాలీదా తేల్చడానికి ఊళ్లో ప్రయోగశాల అక్కర్లేదు, పక్క రైతు బండి చాలు. అదే ట్రాలీని వేరే ట్రాక్టర్‌కు తగిలించాలి. లేస్తే ట్రాలీ మంచిదే. లేవకపోతే జాకీ, పైపు, కప్లర్ చూడాలి. తర్వాత మన ట్రాక్టర్‌తో రోటవేటర్ ఎత్తించాలి. అది లేస్తే పంపు తిరుగుతోంది, నూనె ట్రాలీ వైపు ఎందుకు పోవడం లేదో చూడాలి. లిఫ్టు చేతులకూ ట్రాలీకీ నూనెను మళ్లించే నాబు తిప్పడం మరిచిపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు. సూత్రం ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చాలి. నూనె, ఫిల్టరు, సీలు ఒకే రోజు మార్చి ట్రాలీ లేపితే అసలు జబ్బు ఏదో ఎప్పటికీ తెలియదు.

ఈ పద్ధతి పెబ్బేరుకే పరిమితం కాదు. అమెరికాలో సెలవులకు కుటుంబాలు తీసుకెళ్లే క్యాంపింగ్ ట్రైలర్లలో గోడ లోంచి ఒక గది మొత్తం బయటికి జరిగి స్థలం పెంచే ఏర్పాటు ఉంటుంది, దాన్ని స్లైడ్-అవుట్ అంటారు. హైడ్రాలిక్‌తో జరిగే గది మొరాయిస్తే అడిగే ప్రశ్నలు ఇవే: నూనె మట్టం ఎంత, గాలి చేరిందా, ఎక్కడ కారుతోంది. కరెంటు మోటారు, పళ్లచక్రంతో నడిచే గదికి నూనె బదులు బ్యాటరీ. నీరసించిన బ్యాటరీతో మోటారు మూలుగుతుంది, గది సగంలో ఆగుతుంది. అలాంటప్పుడు మోటారు మార్చే ముందు వోల్టేజి కొలవాలి. గది రెండు చివరలూ సమానంగా కదలకపోతే వంకరపోయి ఇరుక్కుంటుంది. ట్రైలర్‌ను మట్టంగా నిలబెట్టాకే గది జరపమని చెప్పేది అందుకే.

మట్టం సంగతి వడ్ల ట్రాలీకి ఇంకా ముఖ్యం. డబ్బా ఎత్తాక బరువు కేంద్రం రెండు మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే 5 డిగ్రీల పక్కవాలుకే అది 17 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఒక టైరులో గాలి తక్కువున్నా, ఒక చక్రం మెత్తటి మట్టిలో దిగినా ఆ వాలు వచ్చేస్తుంది. పొడి వడ్లు దాదాపు 35 డిగ్రీల కోణానికి జారిపోతాయి. తేమ ఎక్కువున్న వడ్లు ఒక పక్క అతుక్కుని ఉండిపోతే బరువంతా ఆ పక్కే మిగిలి ట్రాలీ బోల్తా పడుతుంది. డబ్బా వంకరగా లేస్తున్నట్టు కనబడగానే దించేసి బండిని చదును నేలకు జరపాలి. ఎత్తే ముందు తలెత్తి 11 కేవీ తీగలు చూసుకోవాలి.

నూనె ఎక్కడ కారుతోందో వేలితో తడిమి వెతకకూడదు. సూదిమొనంత రంధ్రం లోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనబడినా లోపల కండ చచ్చిపోతుంది, వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఎత్తిన డబ్బా కిందికి పోవాలంటే ముందు ఇనుప ఊతం పెట్టాలి. లోపల ఉన్నది 12 టన్నుల బలమైనా దాన్ని ఆపి ఉంచేది ఒక రబ్బరు పెదవి, ఒక వాల్వు మాత్రమే.

పంపు, వాల్వుల లోపలి సందులు మైక్రాన్లలో ఉంటాయి. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపు. సీలును, పంపును తినే ధూళి చాలా వరకు కంటికి ఆనదు. అది లోపలికి దూరే పెద్ద దారి ఆ కప్లరే. పైపు తీసి నేల మీద పడేస్తాం, మళ్లీ కలిపేటప్పుడు చొక్కా అంచుతో తుడుస్తాం, ఎర్రమన్ను, ఊక నలుసు నేరుగా గేర్‌బాక్సు నూనెలో కలుస్తాయి. ఒకే ట్రాలీ నాలుగు ట్రాక్టర్లు మారితే నాలుగింటి మురికీ అన్నిటికీ పాకుతుంది. కోతలకు ముందు నూనె మట్టం చూసి, బందు పిన్నులకు గ్రీజు పెట్టి, కప్లర్ రెండు కొనలకూ ప్లాస్టిక్ మూతలు కొనితెచ్చుకుంటే సీజనులో వచ్చే తిప్పల్లో పెద్ద వంతు రాకుండానే పోతుంది. ఆ మూత ట్రాలీ మొత్తంలో అన్నిటికన్నా చవకైన భాగం. అది లేని ట్రాలీయే పంపు ఖర్చు తెచ్చిపెడుతుంది.